గెలవని ఆరు రేసుల్లో తేలిన టైటిల్: 2024 ప్రపంచ ఎండ్యూరెన్స్ సీజన్ లెక్క

గంటల తరబడి సాగే కారు రేసుల పోటీ 2024 ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్‌లో, అన్నిటికన్నా పై తరగతి హైపర్‌కార్ విభాగంలో రెండేసి రేసులు గెలిచిన కార్లు రెండే. ఒకటి పెన్‌స్కే జట్టు నడిపిన 6వ నంబరు పోర్షే 963, రెండోది 8వ నంబరు టొయోటా జీఆర్010. ఖతార్, ఫూజీ గెలుపుల నుంచి పోర్షేకి 63 పాయింట్లు వచ్చాయి. సావో పాలో, బహ్రెయిన్ గెలుపులకు బహ్రెయిన్ పోల్ (క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం) పాయింటు ఒకటి కలిపితే టొయోటాకి 64. గెలుపుల వరకే చూస్తే టొయోటాదే ఒక పాయింటు పైచేయి. సీజన్ ముగిసేసరికి పోర్షే డ్రైవర్ల ఖాతాలో 152 ఉన్నాయి, టొయోటా డ్రైవర్ల ఖాతాలో 109. ఆ తేడా అంతా గెలవని ఆరు రేసుల్లోనే పుట్టింది. పోర్షే అక్కడ 89 కూడగట్టింది, టొయోటా 45 దగ్గర ఆగిపోయింది.

ఆ ఏడాది ఎనిమిది రేసులను ఆరు వేర్వేరు కార్లు గెలిచాయి. ఇంత చీలిపోయిన సీజన్‌లో ఎవరు ఎక్కువ గెలిచారన్న ప్రశ్నతో ఏదీ తేలదు. చెడ్డ రోజున ఎవరు ఎన్ని పాయింట్లు పోగొట్టుకున్నారు, ఎందుకు పోగొట్టుకున్నారు అని వెతకాలి. కెవిన్ ఎస్ట్ర్, ఆంద్రే లాటరర్, లారెన్స్ వాన్‌థోర్ నడిపిన 6వ నంబరు కారు ఎనిమిది రేసుల్లోనూ పాయింట్లు తెచ్చింది. ఖతార్‌లో మొదటి స్థానం, ఇమోలాలో రెండు, స్పాలో రెండు, లె మాన్‌లో నాలుగు, సావో పాలోలో రెండు, ఆస్టిన్‌లో ఆరు, ఫూజీలో మళ్ళీ మొదటి స్థానం, బహ్రెయిన్‌లో పది. ఒక్క సున్నా కూడా లేదు.

పాయింట్ల బరువు

అన్ని రేసులూ ఒకే తూకం కావు. ఆరు గంటల రేసు గెలిస్తే 25, ఆ తర్వాత వరసగా 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. ఎనిమిది గంటల బహ్రెయిన్‌కీ, 1812 కి.మీ.ల ఖతార్‌కీ ఒకటిన్నర రెట్లు కాబట్టి అక్కడ గెలుపు 38, రెండో స్థానం 27, మూడో స్థానం 23. లె మాన్ 24 గంటలకు రెట్టింపు: 50, 36, 30, 24. పోల్ పొజిషన్‌కి ప్రతిచోటా ఒక్క పాయింటే. ఖతార్ రేసుకి 1812 కి.మీ. అన్న వింత దూరం ఆ దేశపు జాతీయ దినం డిసెంబర్ 18ని గుర్తు చేసేలా పెట్టింది. లుసైల్ ట్రాక్ మీద అది 335 ల్యాప్‌లు. పది గంటల్లో దూరం పూర్తి కాకపోతే గడియారమే రేసును ముగిస్తుంది.

ఐదు ఆరు-గంటల రేసులు, రెండు పొడుగు రేసులు, ఒక లె మాన్, ఎనిమిది పోల్‌లు. అన్నీ ఒకే కారు ఊడ్చేస్తే 259 పాయింట్లు. ఛాంపియన్ కారు తెచ్చుకున్న 152 అందులో 59 శాతానికి మించదు. లె మాన్ గెలిచిన 50వ నంబరు ఫెరారీ మొత్తం 115 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. ఆ 115లో 50 ఒక్క వారాంతంలో వచ్చినవే, మిగతా ఏడు రేసులూ కలిపి 65 మాత్రమే ఇచ్చాయి. లె మాన్ గెలిస్తే టైటిల్ సగం చేతికొచ్చినట్టే అని రేసుకు ముందు ఏటా వినిపించే మాటకి జవాబుగా ఈ లెక్క చాలు.

ఇంకో చిన్న మెలిక ఉంది. టైటిల్ డ్రైవర్లది, కారుది కాదు. 7వ నంబరు టొయోటా సీజన్‌లో 113 పాయింట్లు సంపాదించింది. కానీ మైక్ కాన్వే సైకిల్ ప్రమాదంలో గాయపడి లె మాన్‌కి దూరమయ్యాడు, ఆయన సీట్లో హోసే మరియా లోపెజ్ కూర్చున్నాడు. కారు అక్కడ రెండో స్థానంలో వచ్చింది. కముయి కొబయాషి, నిక్ డి వ్రీస్ ఖాతాల్లో చేరిన ఆ 36 పాయింట్లు కాన్వే ఖాతాలో పడలేదు. అందుకే ఒకే కారులో సీజన్ గడిపిన సహచరులు పట్టికలో వేర్వేరు చోట్ల కనిపిస్తారు.

ఇంధనం కాదు, శక్తి లెక్క

ఈ తరగతి రేసు చూసేవాళ్ళకి మొదట తికమక పెట్టేది ట్యాంకు. కారులో ఇంధనం ఎంత ఉందన్నదానికన్నా, ఒక్కో స్టింట్‌కి, అంటే ఒక పిట్ ఆగడం నుంచి తర్వాతి దాకా సాగే పరుగుకి, ఎంత శక్తి వాడుకునే హక్కు ఉందన్నదే నిబంధన. వెనక ఇరుసుల మీద, ముందు మోటారు ఉన్న కార్లలో ముందు ఇరుసుల మీద కూడా, టార్క్ సెన్సర్లు ఉంటాయి. చక్రాలకు చేరుతున్న శక్తిని అవి ఎప్పటికప్పుడు కొలుస్తాయి. ఒక స్టింట్‌కి అనుమతి సుమారు 900 మెగాజౌళ్ళ పరిధిలో ఉంటుంది. కచ్చితమైన అంకె కారు కారుకీ, రేసు రేసుకీ మారుతుంది. ఆ వర్చువల్ ట్యాంకు ఖాళీ అయ్యేలోపు పిట్‌లోకి రావాలి. దాటితే పెనాల్టీ.

ఈ ఏర్పాటు లేకపోతే ఆ గ్రిడ్‌ని ఒక్క రేసులో పెట్టడం కుదరదు. పోర్షేది 4.6 లీటర్ల ట్విన్ టర్బో వీ8, ఫెరారీది 3.0 లీటర్ల ట్విన్ టర్బో వీ6, టొయోటాది 3.5 లీటర్లు, పెజో 2.6 లీటర్లు, క్యాడిలాక్‌ది టర్బో లేని 5.5 లీటర్ల వీ8. పైగా నిబంధనలు రెండు రకాలు. ఫెరారీ, టొయోటా, పెజో ఎల్‌ఎమ్‌హెచ్ దారిలో చాసీ నుంచి హైబ్రిడ్ దాకా సొంతంగా చేసుకున్నాయి. వాటి ఎలక్ట్రిక్ మోటారు ముందు చక్రాలను తిప్పుతుంది, అదీ నిర్ణీత వేగం దాటాకే. పోర్షే, క్యాడిలాక్, బీఎమ్‌డబ్ల్యూ, ఆల్పీన్, లంబోర్గినీలవి ఎల్‌ఎమ్‌డీహెచ్ కార్లు. వీటి చాసీ మల్టీమాటిక్, డల్లారా, ఒరెకా, లిజియే అనే నాలుగు సంస్థల్లో ఒకదాని నుంచి రావాలి. బాష్ మోటారు, ఎక్స్‌ట్రాక్ గేర్‌బాక్సు అందరికీ ఒకటే, హైబ్రిడ్ తోపు వెనక చక్రాలకే.

వీటన్నిటినీ ఒక స్థాయికి తెచ్చేది బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ పట్టిక, వాడుకలో బీఓపీ. కనీస బరువు, గరిష్ఠ శక్తి, స్టింట్ శక్తి, ఈ మూడింటినీ ఆ సీజన్‌లో రేసుకి ముందు నిర్వాహకులు ప్రకటించేవారు. కనీస బరువు 1030 కేజీల నుంచి మొదలవుతుంది, శక్తి 500 కిలోవాట్ల చుట్టూ తిరుగుతుంది. 2024 లె మాన్ నుంచి ఒక నిర్ణీత వేగానికి పైన, కింద శక్తిని వేర్వేరుగా సర్దే పద్ధతి వచ్చింది. పొడుగాటి స్ట్రెయిట్ల మీద ఒక కారు తేలిగ్గా ముందుకెళ్ళిపోయే సమస్యను బరువుతో సరిచేయలేరు. బరువు మలుపుల్లోనూ బ్రేకింగ్‌లోనూ నెమ్మదింపజేస్తుంది గాని స్ట్రెయిట్ చివర వేగాన్ని పెద్దగా తగ్గించదు. రెండు అంచెల సర్దుబాటు పుట్టింది అందుకే. పట్టిక గురించి బహిరంగంగా వాదించి ప్రభావితం చేయడానికి ప్రయత్నించడం నిబంధనల ప్రకారం నిషిద్ధం. జట్టు ప్రతినిధులు ఈ ప్రస్తావన రాగానే పెదవి బిగించడానికి కారణం మర్యాద కాదు, జరిమానా భయం.

డ్రైవర్ చేతిలో ఉన్నది శక్తిని పొదుపు చేయడం. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి కావలసిన శక్తి దాదాపు ఘనంలో పెరుగుతుంది. అంటే స్ట్రెయిట్ చివర, బ్రేక్ వేయబోయే ముందు చివరి వంద మీటర్లలో ఖర్చయ్యే శక్తి అన్నిటికన్నా ఖరీదైనది, దానితో దక్కే సమయం అన్నిటికన్నా తక్కువ. అక్కడ ముందే కాలు తీసి కారును జారనిస్తే ల్యాప్‌కి సెకనులో కొన్ని వంతులు పోతాయి గాని స్టింట్‌కి ఒక ల్యాప్ కలిసి రావచ్చు. రేసు మొత్తంలో ఒక పిట్ ఆగడం తగ్గినా, చివర్లో కొద్ది సెకన్ల ఇంధనంతో సరిపోయినా ఆ పొదుపు ఫలించినట్టే. ఎక్కువ పొదుపు చేస్తే టైర్లు చల్లబడతాయి, అదే రేసులో పరుగెత్తే నెమ్మదైన జీటీ తరగతి కార్ల గుంపు వెనక ఇరుక్కుంటారు. ఎంత, ఎప్పుడు అన్నది ఇంజనీరు రేడియోలో ల్యాప్ ల్యాప్‌కీ చెబుతూనే ఉండాలి.

లెక్క తప్పితే ఏమవుతుందో సీజన్ మొదటి రేసులోనే కనిపించింది. ఖతార్‌లో 93వ నంబరు పెజో రెండో స్థానంలో సాగుతూ, ముగింపు కనుచూపు మేరలో ఉండగా ఇంధనం అందక నెమ్మదించింది. వెనక రెక్క లేని పాత రూపంలో ఆ కారుకి అదే చివరి రేసు. పోడియం పోయింది, ఫలితమూ దక్కలేదు. 6, 12, 5 నంబర్ల పోర్షేలు మొదటి మూడు స్థానాలూ పట్టేశాయి. మామూలు ఆరు గంటల రేసులో ఆ పొరపాటు ధర 18 పాయింట్లు, ఒకటిన్నర రెట్ల రేసు కాబట్టి 27.

ఇమోలా వాన, స్పా ఎర్ర జెండా

ఇమోలాలో ఫెరారీలు గ్రిడ్ మీద మొదటి మూడు స్థానాల్లో నిలిచాయి. రేసు సగం దాటే వరకు వాళ్ళ చేతిలోనే ఉంది. తర్వాత వాన ట్రాక్‌లో ఒక భాగం మీదే పడింది. ఇలాంటప్పుడు నిర్ణయం అందరూ అనుకునేదానికన్నా చిక్కు. 4.9 కి.మీ. ట్రాక్‌లో మూడో వంతు తడిసి, మిగతాది పొడిగా ఉంటే స్లిక్ టైర్లతో (పొడి ట్రాక్‌కి వాడే గాడుల్లేని టైర్లు) తడి భాగంలో పోయే సమయం ఎంత, వాన టైర్లతో పొడి భాగంలో పోయే సమయం ఎంత అన్నది తూచాలి. వాన టైర్ల మెత్తని రబ్బరు పొడి తారు మీద కొద్ది ల్యాప్‌ల్లోనే వేడెక్కి చెదిరిపోతుంది. కాబట్టి ముందే వేసుకోవడమూ ప్రమాదమే. టొయోటా, పోర్షే జట్లు వాన పెరుగుతుందని పందెం కాసి లోపలికి పిలిచాయి. ఫెరారీ తన కార్లను స్లిక్‌ల మీదే వదిలేసింది. కొన్ని ల్యాప్‌ల ఆలస్యం, అంతే. 7వ నంబరు టొయోటా గెలిచింది, పోర్షేలు రెండు, మూడు స్థానాలు తీసుకున్నాయి, ఫెరారీల్లో మెరుగైనది నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

ఇక్కడ అసలు తప్పు వాతావరణ అంచనాలో లేదనిపిస్తుంది. మూడు కార్లూ ముందున్న జట్టు ఒక్కదాన్నయినా వాన టైర్లకు మార్చి పందాన్ని చీల్చి ఉండొచ్చు. వెనకున్నవాళ్ళు పోగొట్టుకునేది తక్కువ కాబట్టి తెగించారు, ముందున్నవాళ్ళు స్థానం కాపాడుకోబోయి అదే పోగొట్టుకున్నారు.

స్పాలో నిర్ణయం జట్ల చేతిలో లేదు. కెమెల్ స్ట్రెయిట్ మీద 2వ నంబరు క్యాడిలాక్, జీటీ తరగతి (ఎల్‌ఎమ్‌జీటీ3) 31వ నంబరు బీఎమ్‌డబ్ల్యూ ఢీకొన్నాయి. రక్షణ గోడ దెబ్బతిని రేసును ఆపే ఎర్ర జెండా పడింది. మరమ్మతుకి రెండు గంటలకు దగ్గరగా పట్టింది. మామూలుగా గడియారం ఆగదు కాబట్టి రేసు అక్కడే ముగిసిపోయినట్టే అనుకున్నారు. స్టీవార్డులు మాత్రం ఆగిపోయిన సమయాన్ని తిరిగి కలిపి రేసు కొనసాగించారు.

అప్పటికి ఫెరారీలు ముందున్నాయి. కానీ జోటా జట్టు 12వ నంబరు పోర్షే, పెన్‌స్కే 6వ నంబరు పోర్షే ఎర్ర జెండాకి కాస్త ముందే పిట్ చేసి వచ్చాయి. ఎర్ర జెండా కింద ఇంధనం నింపడానికి వీల్లేదు. రేసు మళ్ళీ మొదలవగానే ట్యాంకు అడుగంటిన కార్లు మిగతావి పూర్తి వేగంతో తిరుగుతుండగా లోపలికి రావాల్సి వచ్చింది. ముందే ఆగినవాళ్ళ పిట్ ఖర్చును ఆ ప్రమాదం దాదాపు మాఫీ చేసింది. విల్ స్టీవెన్స్, కాలమ్ ఐలాట్ ఇద్దరే నడిపిన జోటా కారు గెలిచింది. తయారీ సంస్థది కాని ప్రైవేటు జట్టు హైపర్‌కార్ తరగతిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు గెలవడం అదే మొదలు. సమయం పొడిగింపు మీద ఫెరారీ చేసిన ఫిర్యాదు నిలవలేదు. 6వ నంబరు కారుకి మరో 18.

అదృష్టమని కొట్టిపారేయొచ్చు. కానీ ఎండ్యూరెన్స్ జట్లు వీలైనంత త్వరగా ట్యాంకు నింపుకుని పెట్టుకోవడానికి ఇష్టపడేది ఇలాంటి క్షణాల కోసమే. ఆలస్యంగా ఆగేవాడికి పోటీదారు ఏం చేశాడో చూసి నిర్ణయించుకునే వీలుంటుంది, ముందుగా ఆగేవాడికి ఎర్ర జెండా నుంచి, ప్రమాదమైతే అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ల నుంచి రక్షణ ఉంటుంది. స్పాలో రెండో ఎంపిక గెలిచింది.

లె మాన్: రెండు శాతం

13.626 కి.మీ. ట్రాక్, 311 ల్యాప్‌లు, విజేతకీ రెండో స్థానానికీ మధ్య 14.221 సెకన్లు, విజేతతో సమానంగా అన్ని ల్యాప్‌లూ పూర్తిచేసిన కార్లు తొమ్మిది. రాత్రి వాన వల్ల సేఫ్టీ కార్ నాలుగు గంటలకు పైగా ట్రాక్ మీద ఉంది. 2023 నుంచి లె మాన్‌లో మూడు సేఫ్టీ కార్ల వెనక చీలిన వరుసలను ఒక్కటిగా కలిపి, తరగతుల వారీగా సర్దే పద్ధతి ఉంది కాబట్టి సంపాదించిన నిమిషాల ఆధిక్యం అక్కడితో ఆవిరి. పాతకాలపు లె మాన్ మాదిరిగా నెమ్మదిగా ముందుకెళ్ళి ఆధిక్యాన్ని దాచుకునే వ్యూహం దీనివల్ల చెల్లకుండా పోయింది. తెల్లవారేవరకు ముందున్న కారుకి ఒక్క ల్యాప్ కూడా వెనకబడకుండా ఉండి, బండి చెక్కుచెదరకుండా చూసుకుని, ఆఖరి ఆరు గంటలు పందెం ఆడటమే ఇప్పటి పద్ధతి. ఏ డ్రైవరూ ఆరు గంటల వ్యవధిలో నాలుగు గంటలకు మించి, మొత్తంగా పద్నాలుగు గంటలకు మించి నడపకూడదన్న నియమం ఉంది కాబట్టి, చివరి గంటలకి ఎవరు తాజాగా మిగలాలో శనివారం సాయంత్రమే లెక్క వేసుకోవాలి.

ఆఖరి రెండు గంటల్లో ముందున్న 50వ నంబరు ఫెరారీకి కుడి తలుపు సరిగా మూతపడక ఊగుతూ కనిపించింది. తలుపు తెరిచి పరుగెత్తడానికి రేసు కంట్రోల్ ఒప్పుకోదు. నిక్లాస్ నీల్సన్ అనుకున్న సమయానికి ముందే లోపలికి రావాల్సి వచ్చింది, స్టింట్ల వరస చెదిరింది. పోటీదారుల కన్నా ముందుగా ఆగిన కారు చివరిదాకా సాగాలంటే శక్తి చాలదన్నది పొడి ట్రాక్ లెక్క. వాన ఆ లెక్కను మార్చింది. తడి మీద బ్రేక్ ముందే పడుతుంది, మలుపు దాటాక యాక్సిలరేటర్ ఆలస్యంగా పూర్తవుతుంది, గరిష్ఠ శక్తితో గడిపే సమయం తగ్గుతుంది. ల్యాప్ సమయం పెరిగే కొద్దీ ల్యాప్‌కి ఖర్చయ్యే మెగాజౌళ్ళు తగ్గుతాయి. అందరూ నెమ్మదించారు కాబట్టి పొదుపు చేసినవాడు వెనకబడలేదు.

గీత దాటేసరికి ఆ కారులో మిగిలిన శక్తి 2 శాతం. పొడి ట్రాక్ మీద హైపర్‌కార్ స్టింట్ 12 నుంచి 13 ల్యాప్‌లు. సుమారు 900 మెగాజౌళ్ళను అలా పంచితే ల్యాప్‌కి 70 నుంచి 75. రెండు శాతం అంటే 18 మెగాజౌళ్ళు, రేసు వేగంతో ట్రాక్‌లో పావు వంతు. ఇంకొక్క ల్యాప్ ఉంటే ఆంతోనియో ఫ్యూకో, మిగెల్ మొలినా, నీల్సన్‌ల పేర్లు విజేతల జాబితాలో ఉండేవి కావు.

రెండో స్థానంలో వచ్చిన 7వ నంబరు టొయోటా 23వ స్థానం నుంచి బయల్దేరింది. 24 గంటల రేసులో గ్రిడ్ స్థానానికి విలువ లేదనే వాదనకి దీన్ని సాక్ష్యంగా చూపుతారు గాని, పద్నాలుగు సెకన్లతో తేలిన రేసులో మొదటి గంటల ట్రాఫిక్‌లో పోయిన సమయం ఎంతో ఎవరూ కొట్టిపారేయలేరు. చివరి గంటల్లో లోపెజ్ ఒకసారి స్పిన్ అయ్యాడు, అదీ ఆ పద్నాలుగు సెకన్లలో భాగమే. రేసులో చాలాసేపు ముందున్న 83వ నంబరు ప్రైవేటు ఫెరారీ ఆదివారం హైబ్రిడ్ వ్యవస్థ దెబ్బతిని ఆగిపోయింది. అధిక ఓల్టేజీ వ్యవస్థలో లోపం కనబడితే మెకానిక్‌లు చేయి పెట్టడానికి కూడా భద్రతా నియమాలు అడ్డం. ఇతర లోపాలతో పది ల్యాప్‌లు పోతాయి, దీనితో రేసే పోతుంది.

పోల్ నుంచి మొదలైన 6వ నంబరు పోర్షే నాలుగో స్థానంలో వచ్చింది. పోడియం లేదు, పెద్ద వార్త కాలేదు. పోల్‌తో కలిపి 25 పాయింట్లు, అంటే ఒక ఆరు గంటల గెలుపుకి సరిసమానం.

7వ నంబరు టొయోటా ఖర్చుల పద్దు

వేగం ప్రకారమే టైటిల్ ఇస్తే సీజన్ రెండో సగంలో 7వ నంబరు టొయోటాకి బలమైన హక్కు ఉంది. దాని పద్దు ఇలా ఉంటుంది. సావో పాలోలో పోల్ సాధించి, రేసులో ముందుండగా ఇంధన పీడనం సమస్యతో నాలుగో స్థానానికి జారింది: 25కి బదులు 12. ఆస్టిన్‌లో పసుపు జెండాలకు తగినంత వేగం తగ్గించనందుకు డ్రైవ్-త్రూ పెనాల్టీ పడింది. పిట్ లేన్ మొత్తాన్ని పరిమిత వేగంతో దాటే ఆ శిక్ష పదుల సెకన్లు మింగుతుంది. చివరికి రాబర్ట్ కుబిత్సా, రాబర్ట్ ష్వార్ట్స్‌మన్, యిఫె యె నడిపిన 83వ నంబరు ఫెరారీ 1.780 సెకన్ల తేడాతో గెలిచింది. మరో 7 పాయింట్లు పోయాయి. ఫూజీలో 5వ నంబరు పోర్షేతో ఢీకొని రేసు నుంచి తప్పుకుంది, సున్నా. బహ్రెయిన్‌లో ఇంధన పంపు లోపంతో ఆగిపోయింది, మళ్ళీ సున్నా.

ఛాంపియన్ పోర్షేతో తేడా 39 పాయింట్లు. సావో పాలో, ఆస్టిన్ నష్టాలు కలిపితే 20. మిగిలిన 19 పాయింట్లు బహ్రెయిన్‌లో మూడో స్థానంతోనే వచ్చేవి, అక్కడ మూడో స్థానం 23. ఇంధన సరఫరాలో వచ్చిన రెండు లోపాలు, ఒక పసుపు జెండా. కచ్చితంగా అలాగే జరిగేదని చెప్పలేం, ఎందుకంటే ఆ రేసుల్లో పోర్షే స్థానాలు కూడా మారేవి. దిశ మాత్రం స్పష్టం. ఇంధన పీడనం తగ్గితే టర్బో ఇంజను శక్తి కోల్పోవడంతో ఆగదు. మిశ్రమం పలచబడి పిస్టన్లు దెబ్బతినకుండా ఎలక్ట్రానిక్స్ తనంతట తానే ఇంజనును అణిచేస్తుంది. డ్రైవర్ చేయగలిగింది స్విచ్‌లు మార్చి ప్రత్యామ్నాయ పంపు ప్రయత్నించడం, లేదా కారును ఆపి వ్యవస్థను మొదటినుంచి మళ్ళీ ప్రారంభించడం. ఒక రీస్టార్ట్‌కి ముప్పై సెకన్లు పోయినా ఆధిక్యం గల్లంతే.

టైర్ల సంగతి కూడా ఇదే కోవలోది. 2023 నుంచి టైర్లను ముందుగా వేడిచేసే ఓవెన్ల మీద నిషేధం ఉంది. హైపర్‌కార్‌లకు మిషెలిన్, ఎల్‌ఎమ్‌జీటీ3 కార్లకు గుడ్‌ఇయర్ మాత్రమే సరఫరా చేస్తాయి. పిట్ నుంచి చల్లని రబ్బరుతో బయటికొచ్చే కారు మొదటి ల్యాప్‌లో మంచు మీద ఉన్నట్టే. అందుకే కొత్త టైర్లు ఎప్పుడూ లాభం కాదు. వేడిగా ఉన్న పాత టైర్లను రెండో స్టింట్‌కీ ఉంచుకుంటే బయటి ల్యాప్‌లో పోయే సమయం మిగులుతుంది, రేసుకి కేటాయించిన టైర్ల సంఖ్యా మిగులుతుంది. ఆ సంఖ్య దాటినందుకే బహ్రెయిన్‌లో ఫ్యాక్టరీ ఫెరారీ ఒకటి రేసు తర్వాత పోడియం స్థానం పోగొట్టుకుంది. ఆ పోడియం పెజోకి దక్కింది.

ఫూజీలో 6వ నంబరు పోర్షే గెలవగా 15వ నంబరు బీఎమ్‌డబ్ల్యూ, 36వ నంబరు ఆల్పీన్ రెండు, మూడు స్థానాల్లో నిలిచాయి. రెండు సంస్థల ఎల్‌ఎమ్‌డీహెచ్ కార్లకూ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అదే తొలి పోడియం. అంతకు ముందే ఆస్టిన్ రేసుకి రాకుండా ఇసోటా ఫ్రాస్కినీ సీజన్ మధ్యలో తప్పుకుంది. ఫూజీ తర్వాత 6వ నంబరు కారు 150 పాయింట్లతో 50వ నంబరు ఫెరారీ కన్నా 35 ముందుంది. బహ్రెయిన్‌లో గరిష్ఠంగా 39 దొరుకుతాయి, కాబట్టి లెక్క ఇంకా తెరిచే ఉంది. కానీ ఫెరారీ అక్కడ పాయింట్లేమీ తేలేదు, పోర్షే పదో స్థానంతో 2 పాయింట్లు తెచ్చుకుని ముగించింది. ఇంత సాదాగా ఖాయమైన ప్రపంచ టైటిల్ అరుదు.

జీటీ తరగతి

2024లో హైపర్‌కార్‌ల కింది శ్రేణి ప్రోటోటైప్‌లైన ఎల్‌ఎమ్‌పీ2 కార్లను పూర్తి సీజన్ నుంచి తప్పించారు, లె మాన్‌కి మాత్రమే మిగిలాయి. పాత జీటీ తరగతి ఎల్‌ఎమ్‌జీటీఈ స్థానంలో ఎల్‌ఎమ్‌జీటీ3 వచ్చింది. తొమ్మిది తయారీ సంస్థల నుంచి రెండేసి, మొత్తం 18 కార్లు. ప్రతి కారులో ఒక బ్రాంజ్ శ్రేణి (అమెచ్యూర్) డ్రైవర్ తప్పనిసరి, ఆ ఏడాది క్వాలిఫయింగ్ చేయాల్సిందీ ఆయనే. నిపుణుడు ఎంత వేగంగా నడిపినా బ్రాంజ్ డ్రైవర్ సెకన్లే గ్రిడ్‌నీ, చాలా రేసుల ఫలితాన్నీ తేలుస్తాయి. 92వ నంబరు మాంతే ప్యూర్‌రేసింగ్ పోర్షేలో అలెక్స్ మాలిఖిన్ ఆ లోటు లేకుండా చూసుకున్నాడు. క్లాస్ బాఖ్లర్, జోయెల్ స్టుర్మ్‌లతో కలిసి టైటిల్ గెలిచాడు. హైపర్‌కార్ డ్రైవర్లకి మాత్రం ఈ 18 కార్లూ రేసంతా ఎదురయ్యే సమస్య. 4.3 కి.మీ.ల ఇంటర్‌లాగోస్ లాంటి చిన్న ట్రాక్‌లో ఖాళీ ల్యాప్ అన్నదే ఉండదు. మలుపు ముందు దాటాలా, మలుపు అయ్యాక దాటాలా అన్న ఒక్క నిర్ణయానికి అర సెకను తేడా వస్తుంది, స్పాలో చూసినట్టు ఒక్కోసారి రేసే ఆగిపోతుంది.

రెండు పాయింట్ల తయారీదారుల టైటిల్

డ్రైవర్ల టైటిల్ పోర్షేకి వచ్చినా తయారీదారులది టొయోటాకి పోయింది: 190కి 188. దీనికి వేరే గణితం ఉంది. తయారీ సంస్థకి ప్రతి రేసులో మెరుగ్గా ముగిసిన ఒక్క ఫ్యాక్టరీ కారే లెక్క. జోటా, ప్రోటాన్, 83వ నంబరు ఫెరారీ లాంటి ప్రైవేటు కార్లను పక్కనపెట్టి స్థానాలు మళ్ళీ వేస్తారు. అందుకే స్పాలో డ్రైవర్లకి 18 తెచ్చిన రెండో స్థానం పోర్షే సంస్థకి 25 అయింది, ఆస్టిన్‌లో టొయోటా రెండో స్థానం కూడా అలాగే గెలుపు విలువకి ఎక్కింది.

ఈ పద్ధతిలో రెండు కార్లలో ఒకటి చెడిపోయినా సంస్థ నష్టపోదు. 7వ నంబరు కారుకి వచ్చిన లోపాలు కొబయాషి, డి వ్రీస్‌ల టైటిల్‌ని తినేశాయి గాని, సావో పాలో, బహ్రెయిన్ రెండు చోట్లా 8వ నంబరు కారు గెలిచి సంస్థ ఖాతా నింపింది. పోర్షేకి బహ్రెయిన్‌లో 5వ నంబరు కారు రెండో స్థానం నుంచి 27 తెచ్చింది. టొయోటా అక్కడ గెలుపు 38, పోల్ 1 కలిపి 39 తీసుకుంది. గెలుపు తప్ప ఏ స్థానమూ టొయోటాకి పనికొచ్చేది కాదు. 7వ నంబరు కారు ఆగిపోయాక ఆ పని సెబాస్టియన్ బ్యుమి, బ్రెండన్ హార్ట్లీ, ర్యో హిరకావాల ఒక్క కారు మీదే పడింది. ఆరు రేసుల్లో 45 పాయింట్లు మాత్రమే తెచ్చిన ఆ కారే సంస్థ టైటిల్‌ని నిలబెట్టింది.